రాతిని పట్టుకునే చేప

షార్జాలో మేం ఉన్న బిల్డింగులోని తెలుగువాళ్ళకి నా ఉద్యోగం చివరిదాకా అంతుపట్టలేదు. మా ఆయన అకౌంటెంటు, అది అందరికీ తెలిసిన పని. పక్క ఫ్లాటులో భీమవరం అమ్మాయి ఆసుపత్రిలో నర్సు, ఆమె పనీ తెలిసిందే. నేను మాత్రం పొద్దున్నే రబ్బరు బూట్లు, చేతివల, తెల్ల ట్రేలు జీపులో పెట్టించుకుని బయల్దేరేదాన్ని. ఎక్కడికండీ అని అడిగితే చెరువులో చేపలు చూడ్డానికి అనేదాన్ని. ఎడారిలో చెరువేమిటి, అందులో చేపలేమిటి అని వాళ్ళు నవ్వుకునేవారు.

ఇప్పుడు రిటైరై కాకినాడలో కూర్చున్నాక, పర్యావరణం ఉద్యోగాల్లో కొత్తగా చేరిన మీలాంటివాళ్ళు కూడా అదే అడుగుతున్నారు. అందుకని ఒక్క డ్యామ్ సంగతి చెబుతాను. గెలిచానని నోరారా చెప్పుకోగలిగిన పని నా సర్వీసులో అదొక్కటే. అది కూడా నేనొక్కదాన్నే గెలిచింది కాదు.

కాకినాడలో కొన్నేళ్ళు జువాలజీ పాఠాలు చెప్పి, 2002లో మా ఆయన దగ్గరికి వెళ్ళాను. ఏడాది తిరక్కుండానే షార్జాలో ఒక చిన్న కన్సల్టెన్సీలో చేరాను. కొండల్లో రోడ్డు వేసినా, డ్యామ్ బాగుచేసినా, అక్కడి నీళ్ళలో ఏమేం బతుకుతున్నాయో చూసి చెప్పడం మా పని. మా ముదీర్, అంటే ఆఫీసు మేనేజరు, సుడాన్ నుంచి వచ్చిన పెద్దాయన. సగం జీవితం నైలు నది చేపలతో గడిపాడు. నవ్వడం ఆయనకి అలవాటు లేదు. చేప పేరు చెబితే నమ్మేవాడు కాదు, పళ్ళెంలో పెట్టి చూపిస్తే అప్పుడు తలూపేవాడు.

ఫుజైరా వైపు కొండల్లో వాగుల్ని వాదీలంటారు. ఏడాదిలో ఎక్కువ రోజులు రాళ్ళే కనిపిస్తాయి. వాన పడిన రోజు మాత్రం ఏ లారీనైనా ఎత్తుకుపోయేంత వరద వస్తుంది. ఆ వరదని ఆపడానికి డ్యాములు కట్టారు. డ్యాముల వెనక నీళ్ళు నిలిస్తే, ఎవరో సరదాకి తెచ్చి తిలాపియా చేపల్ని వదిలారు. మన కొల్లేరు వైపు చైనా గొరకలంటామే, అవే. అవి ఏ నీళ్ళలోనైనా బతుకుతాయి, పక్కవాటి గుడ్లు, పిల్లలు తినేస్తాయి. అంతకు ముందునుంచీ ఆ వాదీల్లో ఉన్నది ఒక చిన్న చేప. వేలెడంత ఉంటుంది. ఇసకరంగు ఒళ్ళు, దాని మీద బూడిదరంగు మచ్చలు. మూతి కిందికి ఉంటుంది. మూతి వెనక గుండ్రంగా ఒక మెత్తటి పట్టు. దాంతో రాతిని పట్టుకుని ఎంత వరదకైనా కొట్టుకుపోకుండా నిలబడుతుంది. ఎమ్మెస్సీ చదివేటప్పుడు మారేడుమిల్లి వాగుల్లో దాని దాయాదుల్ని చూశాను. ఫుజైరా వాళ్ళు దాన్ని ఊరికే వాదీ చేప అంటారు.

డ్యాముల్లో పనికి గవర్నమెంటు ఆఫీసు పెట్టిన షరతులు తేలికగా అర్థమయ్యేవే. వాదీ చేపని అనుమతి లేకుండా పట్టకూడదు, చంపకూడదు, చోటు మార్చకూడదు. బయటినుంచి వచ్చిన చేపని ఏ నీళ్ళలోనూ వదలకూడదు, ఒకసారి పట్టాక తిరిగి నీళ్ళలో వెయ్యకూడదు. షరతులు సులువే. ఏ చేప ఏదో తెలుసుకోవడమే కష్టం, ముఖ్యంగా అవి పిల్లలుగా ఉన్నప్పుడు.

2005లో ఎండలు కాస్త తగ్గుముఖం పట్టిన రోజుల్లో నన్నొక డ్యామ్‌కి పంపారు. అంతకు ముందు రెండేళ్ళు సరిగ్గా వాన లేదు. డ్యామ్ వెనక పేరుకున్న మట్టి తీసెయ్యాలి. నీళ్ళు చాలావరకు ఎండిపోయి, నడిమధ్య ఒక పెద్ద మడుగు మిగిలింది. దాన్ని పంపులతో తోడేసి, మిషన్లు దింపి మట్టి తీస్తారు. తోడే ముందు నీళ్ళలో తిలాపియా తప్ప మరేమీ లేదని మేం చెప్పాలి. అందరూ అదే అనుకున్నారు. నేనూ అదే అనుకుని వెళ్ళాను.

కాంట్రాక్టరు తరఫున పని చూస్తున్న ఇంజనీరు హైదరాబాద్ మనిషి. మర్యాదస్తుడే గానీ కాలు ఒక చోట నిలవదు. నేను వెళ్ళేసరికే పంపులు ఆడుతున్నాయి. పరీక్షకి ఒక పంపు, నీళ్ళు తగ్గడానికి ఒక పంపు అని ఏదో సర్దిచెప్పాడు. మడుగు అంచున బురదలో కొన్ని చేపపిల్లలు చచ్చి పడున్నాయి. అన్నీ బురద రంగులోనే ఉన్నాయి, అన్నీ ఒకేలా కనిపించాయి. ఒక బకెట్టుతో నీళ్ళు ముంచి చూశాను. పిల్లలు గిరగిర తిరుగుతున్నాయి. తిలాపియాలే అనుకుని నీళ్ళు ఒడ్డున వంచేశాను. నీళ్ళతోపాటు అన్నీ వెళ్ళిపోయాయి, రెండు మాత్రం బకెట్టు గోడకి అంటుకుని ఉండిపోయాయి.

తిలాపియాకి అలా అంటుకునే పట్టు ఉండదు. కాసిని నీళ్ళు పోసి, మెల్లిగా వాటిని మడుగులోకి జార్చాను.

ఆ సాయంత్రం వాదీ పైకంటా నడిచాను. నాతో డ్యామ్ కూలీల ఫోర్‌మన్ వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి, ఇరవయ్యేళ్ళుగా గల్ఫ్‌లో ఉన్నవాడు. పైన ఒక్క గుంటలో కూడా నీళ్ళు లేవు. బోర్లు వేసి తోటలకి తోడుకోవడంతో ఊటలు ఎండిపోయాయి. పక్క వాదీకీ దీనికీ మధ్య పెద్ద కొండ. అంటే ఈ వాదీలో పుట్టిన చేపలు ఏమైనా మిగిలున్నాయంటే ఆ మడుగులోనే. తోడేస్తే ఇంక ఈ వాదీకి దాని చేప ఉండదు.

ఇంజనీరుకి చెప్పాను. ఆయన అరవలేదు, గొడవ పెట్టుకోలేదు. డ్యామ్ గట్టు మీదకి తీసుకెళ్ళి కిందకి చూపించాడు. ఖర్జూరం తోటలు, వాటి మధ్య ఇళ్ళు, ఒక బడి. ఆయన మొహంలో నిజంగా భయం కనిపించింది.

"మేడం, శీతాకాలం వానలొచ్చేలోపల ఈ మట్టి తియ్యకపోతే డ్యామ్‌లో నీళ్ళు పట్టవు. పొర్లి ఊరి మీదకి పోతాయి. వేలెడు చేప కోసం ఊరిని ముంచమంటారా?"

పంపులు ఆపండి అని ఆర్డరు వేసే అధికారం నాకు లేదు. చచ్చిన పిల్లల్ని సీసాలో వేసుకుని షార్జా బయల్దేరాను. దారిలో జీపు కుదుపులకి సీసా మూత వదులై, చేపలు పాడవకుండా పోసిన మందు కారిపోయింది. ఆ ఎండకి చేపలు పులుసులో మరీ ఉడికిన ముక్కల్లా అయిపోయాయి. ముదీర్ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, ఇది చేప అని మాత్రం చెప్పగలను అన్నాడు.

అప్పుడు అసలు చిక్కు బయటపడింది. ఆధారం కావాలంటే మళ్ళీ వెళ్ళి బతికున్నది పట్టాలి. అది తిలాపియా అయితే పట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వాదీ చేపయితే పట్టడమే తప్పు. నా మాట నిజమైతే దాన్ని రుజువు చెయ్యడానికి నాకు హక్కు లేదు. మా ఆఫీసులో ఒకాయన, రెండే కదా, ఎవరు చూస్తారు, పట్టుకొచ్చెయ్యండి అన్నాడు. ముదీర్ ఒప్పుకోలేదు. మనం తప్పి, కాంట్రాక్టర్ని తప్పొద్దని ఎలా చెబుతాం అన్నాడు. చేప ఆఫీసుకి రాకూడదు గాబట్టి ఆఫీసే చేప దగ్గరికి వెళ్ళాలి అని ఫోన్ అందుకున్నాడు. గవర్నమెంటు ఆఫీసులో అనుమతులిచ్చే అధికారిణితో అరబీలో మాట్లాడాడు. అంత మెత్తగా ఆయన మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. ఆమె స్వయంగా వస్తానంది. అప్పటిదాకా పంపులు ఆపమని ఇంజనీరుని బతిమాలుకున్నాను. ఒక్కటి ఆపాడు.

ఆమె వచ్చిన రోజే ఈ కథకి ముఖ్యమైన రోజు.

ఫుజైరా ఆడపిల్ల, ఇంకా చిన్న వయసే. నల్లటి అబాయా కింద రబ్బరు బూట్లు వేసుకుని వచ్చింది. అప్పటికి మడుగు బాగా చిక్కిపోయింది. నీళ్ళు వేడెక్కి, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. గట్టు మీద మిషన్లు వరసగా నిలబడున్నాయి. ఇంజనీరు, ఫోర్‌మన్, కూలీలు అందరూ చూస్తున్నారు. కింద ఊళ్ళో తోట ఉన్న ఒక ముసలాయన కూడా చేతికర్ర పట్టుకుని వచ్చాడు. పంపుల చప్పుడు ఎందుకు తగ్గిందో చూద్దామని వచ్చాడట.

పట్టే అధికారం తనకుంది గాబట్టి ఆమే నా వల తీసుకుని ముంచింది. తెల్ల బేసిన్‌లో నీళ్ళు పోసి అందులోకి వదిలాం. పది పన్నెండు పిల్లలు. ఇందులో ఒక్కటీ లేకపోతే? బేసిన్ మెల్లిగా ఒంచాను. నీళ్ళు ఒక వారకి జారాయి, పిల్లలన్నీ వాటితో జారాయి.

మూడు జారలేదు. బేసిన్ అడుక్కి అతుక్కుని, తోకలు మాత్రం ఆడిస్తూ అక్కడే ఉన్నాయి.

భూతద్దం చేతికిచ్చాను. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని వంగి చూసింది. మూతి కిందికి ఉంది. పక్కన పొట్టి మీసాలు. వీపు రెక్క చిన్నది, మెత్తగా ఉంది. పక్కనున్న తిలాపియాకి వీపంతా ముళ్ళ రెక్క. ముసలాయన కూడా వంగి చూసి ఏదో అన్నాడు. ఆమె నాకు ఇంగ్లీషులో చెప్పింది. చిన్నప్పుడు మా ఫలజ్ నిండా ఇవే ఉండేవి, కాలవలో పాచి తినేవి, చాలా ఏళ్ళుగా కనిపించలేదు అంటున్నాడట. ఫలజ్ అంటే కొండ ఊటనుంచి తోటలకి నీళ్ళు తెచ్చే పాతకాలపు కాలవ. ఆయన తోటలో ఆ కాలవకి ఒక రాతి తొట్టి ఉంది. ఇప్పుడు బోరు నీళ్ళతో నింపుకుంటున్నాడు. తొట్టిలో చేపలేమీ లేవు.

ఆమె లేచి నిలబడింది. ఇంజనీరు వైపు తిరిగి, పని ఆగదు, కానీ ముందు ఈ చేపలు వెళ్ళాలి అంది. వాదీ చేపల్ని ఏరి ముసలాయన తొట్టిలో పెట్టడానికి అనుమతిస్తాను. ఒక్క తిలాపియా పిల్ల కూడా ఆ తొట్టిలోకి పోకూడదు. ప్రతి చేపనీ మనిషి కళ్ళు చూడాలి. అంతా అయ్యాకే మడుగు తోడాలి. ఆమె షరతులు మూడే.

ఇంజనీరు గట్టు మీది మిషన్ల వైపు చూశాడు. తర్వాత ఫోర్‌మన్‌ని పిలిచి, "ఖలాస్, రెండో పంపు కూడా బంద్ చెయ్" అన్నాడు. నా దగ్గరికొచ్చి, "ఎంతమంది కావాలి మేడం?" అని అడిగాడు.

ఆ ఒక్క మాటతో ఆయన మీద అప్పటిదాకా ఉన్న కోపమంతా పోయింది. ఉన్నవాళ్ళందర్నీ ఇవ్వమన్నాను. ఇచ్చాడు.

కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళు, బీహార్ వాళ్ళు, ఇద్దరు పఠాన్లు. మిషన్ డ్రైవర్లు కూడా దిగారు. నేను బేసిన్ పెట్టి పాఠం మొదలెట్టాను. కాకినాడలో బ్లాక్‌బోర్డు దగ్గర కూడా అంత శ్రద్ధగా విన్న క్లాసు నాకు దొరకలేదు. నా ఇంగ్లీషు మాటలు కొన్ని వాళ్ళకి ఎక్కలేదు. ఫోర్‌మన్ అందుకుని తెలుగులో, హిందీలో తన లెక్కలో చెప్పాడు.

"సూడుండ్రి. మూతి కిందికుంటే ఈ దేశపుది, జాగ్రత్తగ పట్టాలె. మూతి ముంగటికుంటే పరదేశిది, అది అవుతల బుట్టల పడాలె." నావైపు తిరిగి, "మనమంత పరదేశులమే గద మేడం, అయినా ఇయ్యాల మనమే ఏరాలె" అన్నాడు. అందరూ నవ్వారు. హిందీలో చెబితే పఠాన్లు కూడా నవ్వారు.

చేతులు తడుపుకుని ముట్టుకోవాలి, ఎండ తగలకుండా గుడ్డ కప్పాలి, ఒక టబ్బులో ఎక్కువ కుక్కకూడదు అని చెప్పాను. టెంటు వేయించాం. ఐసు గడ్డలు తెప్పించి, గుడ్డలో చుట్టి టబ్బుల పక్కన పెట్టాం. వల లాగేవాళ్ళు నలుగురు, ఏరేవాళ్ళు వరసగా నేల మీద కూర్చున్నారు. నేను చివర. అధికారిణి తిరిగి వెళ్ళిపోతుందనుకున్నాను. అబాయా కొంగు దోపుకుని నా పక్కన కూర్చుంది.

మొదటి టబ్బు తొట్టి దగ్గరికి చేరింది. వదిలే ముందు ఇంకొకసారి చూద్దామని బేసిన్‌లోకి కొంచెం కొంచెంగా పోశాను. ఒకదానికి వీపు మీద ముళ్ళు కనిపించాయి. గోరంత తిలాపియా. అందరి మొహాలూ వాడిపోయాయి. ఇంత ఎండలో టబ్బంతా మళ్ళీ చూస్తే చేపలు అలిసిపోతాయి, అదొక్కదాన్ని తీసేసి వదిలేద్దాం అన్నాడు ఇంజనీరు. ఆయన చెప్పిందీ తీసిపారేసేది కాదు. కానీ ఒకటి దొరికిన చోట ఇంకోటి ఉండొచ్చు. ఆ తొట్టిలో రెండు తిలాపియాలు పెరిగితే మేం చేసిందంతా తిలాపియాలకి మేత పెట్టినట్టే. ఆ మాటే ఆయనకి చెప్పాను.

ఆయన బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, టబ్బు ముందు కూర్చున్నాడు. "సరే, నాకు చూపించండి. నేనూ ఏరతాను." అక్కడినుంచి కొత్త పద్ధతి పెట్టాం. ప్రతి చేపనీ ఇద్దరు చూడాలి, ఇద్దరూ ఒకే మాట అంటేనే అది టబ్బులోకి పోవాలి. ఆ టబ్బులో ఇంకో తిలాపియా పిల్ల దొరికింది. పట్టుకున్నది ఇంజనీరే. దాన్ని అందరికీ తిప్పి చూపించాడు, పరీక్షలో ఫస్టు వచ్చిన పిల్లాడిలా.

ఆ తర్వాత రోజులన్నీ మాకు ఒక జాతరలా గడిచాయి. పొద్దున్నే చల్లబాటున మొదలు, ఎండెక్కగానే ఆపు, మళ్ళీ సాయంత్రం. ముసలాయన ఖర్జూరాలు, గిన్నెడు కాఫీ పంపేవాడు. వాళ్ళలో వాళ్ళకి పందాలు మొదలయ్యాయి, ఎవరి టబ్బులో తప్పు లేకుండా పోతుందా అని. పెద్ద తిలాపియాలు బుట్టల్లో నిండాయి. వాటిని తిరిగి నీళ్ళలో వెయ్యకూడదు గానీ తినకూడదని ఎక్కడా లేదు. అధికారిణిని అడిగి మరీ క్యాంపుకి పట్టుకెళ్ళారు. మామిడికాయ పొడి వేసి పులుసు పెట్టారని, నాకొక డబ్బా పంపారు. అంత రుచైన చేపలపులుసు గల్ఫ్‌లో నేను మళ్ళీ తినలేదు.

చివర్లో వల లాగితే తిలాపియాలు తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ లాగించాను. మళ్ళీ అవే. అప్పుడు అధికారిణి ఇంజనీరుకి చెయ్యి ఊపింది. ఆయన గట్టిగా "యల్లా" అన్నాడు. పంపులు మొదలయ్యాయి. అన్నాళ్ళు ఆపమని నేను బతిమాలుకున్న చప్పుడే ఆ రోజు పెళ్ళి మేళంలా వినిపించింది.

మట్టి తీత వాన కన్నా ముందే పూర్తయింది. పోయిన రోజుల్ని ఇంజనీరు రెండు షిఫ్టులు నడిపి రాబట్టుకున్నాడు. జనవరిలో కొండల్లో గట్టి వాన పడింది. షార్జాలో రోడ్లన్నీ మునిగి మేం ఇంట్లోనే ఉండిపోయాం. నాకు మనసంతా అక్కడే ఉంది. మధ్యాహ్నం ఫోర్‌మన్ ఫోన్ చేశాడు. వెనకాల నీళ్ళ హోరు వినిపిస్తోంది. డ్యామ్ మొత్తం పట్టింది మేడం, కిందికి సుక్క పొర్లలేదు, ఊరు మంచిగున్నది అన్నాడు. ఊరు తర్వాత నేను అడగబోయేదేమిటో ఆయనకి తెలుసు. ముసలాయన తొట్టి దగ్గరికి కూడా పోయొచ్చాడట. రాళ్ళ మీద కొత్త పిల్లలు కూడా ఉన్నాయి, లెక్క దొరకనన్ని అన్నాడు.

నీళ్ళు తేరుకున్నాక అధికారిణి మళ్ళీ అనుమతిచ్చింది. తొట్టిలో కొన్నింటిని ఉంచి, మిగతావాటిని తిరిగి వాదీలోకి చేర్చాం. తోటలో ఉన్నవాటిని పంపేటప్పుడు ముసలాయన కొంచెం బెంగపడ్డాడు. తొట్టిలో పాచి లేకుండా చేశాయని వాటి మీద ఆయనకి మమకారం పుట్టింది.

ఆ వసంతంలో నేను తనిఖీకి వెళ్ళేసరికి డ్యామ్ అంచున ఒక కారు ఆగి ఉంది. సెలవుకి వచ్చిన కుటుంబం. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో నీళ్ళు, చేపలు. ఇంట్లో అక్వేరియంలో పెద్దవైపోయాయట, పాపం చచ్చిపోతాయని ఇక్కడ వదలడానికి తెచ్చారు. వాళ్ళ ముందు ఫోర్‌మన్ చేతులు చాపి నిలబడున్నాడు. ఆ పని అయిపోయాక ఆయన్ని డ్యామ్ మెయింటెనెన్సుకి అక్కడే ఉంచారు. సగం హిందీ, సగం అరబీ, మధ్యలో కరీంనగర్ తెలుగు కలిపి, ఈ నీళ్ళెవరివో, ఇందులోకి ఏది రాకూడదో, ఎందుకు రాకూడదో వాళ్ళకి చెబుతున్నాడు. నేను జీపు దూరంగా ఆపి, దిగకుండా మొత్తం విన్నాను. దిద్దాల్సిన మాట ఒక్కటీ లేదు. ఆ కుటుంబం సంచి తీసుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ నెలలోనే అధికారిణి అందర్నీ మళ్ళీ అక్కడికి పిలిచింది. తనిఖీలో తిలాపియా ఒక్కటీ దొరకలేదనీ, వాదీ చేపలు డ్యామ్ పైన గుంటల్లోకి కూడా ఎక్కాయనీ చెప్పడానికి. ఇంజనీరు అబుదాబిలో ముసఫ్ఫా వైపు వేరే పనికి మారిపోయినా సెలవు పెట్టుకుని వచ్చాడు. ఎప్పుడూ ఆఫీసు కదలని మా ముదీర్ కూడా వచ్చాడు.

నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఇంజనీరు, ఫోర్‌మన్, ముసలాయన రాళ్ళ మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టారు. ముదీర్ కాసేపు వాళ్ళని చూసి, బూట్లు విప్పాడు, మేజోళ్ళు విప్పి వాటిలో దోపాడు, ప్యాంటు మడుచుకుని ఆయన కూడా కాళ్ళు దించాడు. రాళ్ళ సందుల్లోంచి చేపలు ఒక్కొక్కటే వచ్చాయి. ముందు వేళ్ళు, తర్వాత మడమలు. చిన్న చిన్న మూతులతో కాళ్ళ మీద చర్మం గీకడం మొదలెట్టాయి.

ముదీర్ పెదాలు బిగబట్టాడు. భుజాలు కదిలాయి. తర్వాత ఇంక ఆపుకోలేక, చక్కిలిగింత పెట్టిన పసివాడిలా పగలబడి నవ్వాడు. ఆ నవ్వు కొండల్లో మారుమోగింది. కాళ్ళు మాత్రం పైకి తియ్యలేదు.